ఠక్ అనే దాకా

ప్లైవుడ్ పెట్టెకి నాలుగు ఇనుప కాళ్ళు బిగించి వరండాలో నిలబెట్టిన రోజు సాయంత్రం ఎదురింటాయన గేటు దగ్గర ఆగాడు. లోపలికి వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం సార్, రిటైరయ్యాక పానీపూరీ బండి పెడతారా?" అన్నాడు. నాకింకా పదిహేడేళ్ళ సర్వీసు ఉంది. అయినా ఆయన్ని తప్పుపట్టలేం. నడుమెత్తు కాళ్ళు, పైన అద్దం జరిపేందుకు గాడి, వెనకవైపు నిలువుగా ఇంకో చిన్న పెట్టె. అనంతపురంలో పిన్‌బాల్ మిషన్, అదే ఇనుప గుండుతో ఆడే ఆటపెట్టె, చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? కట్టిన నేనే చూడలేదు. అసలు మిషన్ మీద ఒక్కసారైనా చెయ్యి వేయకుండా నలభై అయిదేళ్ళ వయసులో దాని నకలు కట్టుకుంటున్నాను.

పిచ్చి మాత్రం పాతదే. మాది గార్లదిన్నె దగ్గర పల్లె. ఎండాకాలం సెలవుల్లో ఒక చెక్క ముక్క మీద మేకులు అర్ధచంద్రాల్లాగా కొట్టి, ఒక్కో దాని కింద బొగ్గుతో అంకె రాసి, పై నుంచి సైకిల్ బేరింగు గుండు వదిలి ఆడేవాళ్ళం. గుండుని ఎగదోసేందుకు ఒక పక్కన పుల్లా, దానికి సైకిల్ ట్యూబు కత్తిరించిన రబ్బరూ. 1930లలో అమెరికాలో అంగళ్ళ బల్లల మీద పెట్టిన పిన్‌బాల్ మిషన్లు కూడా దాదాపు ఇంతే. గుండు వదలడం, ఆ తర్వాత దేవుడి మీద భారం వేయడం. అందుకే అది జూదమని 1942లో న్యూయార్క్ నగరం నిషేధించింది. ఆ నిషేధం 1976 దాకా ఎత్తలేదు. ఈ మధ్యలో 1947లో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ అనే మిషన్‌కి బటన్ నొక్కితే కొట్టే రెక్కలు పెట్టింది. వాటినే ఫ్లిప్పర్లంటారు. రెక్కలొచ్చాక ఆట అదృష్టం చేతిలోంచి మనిషి చేతిలోకి వచ్చింది. మా మేకుల బల్లకి ఆ యోగం పట్టలేదు.

రెక్కల ఆట నేను మొదట చూసింది 2002లో, టవర్ క్లాక్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో. విండోస్ ఎక్స్‌పీతో పాటు ఊరికే వచ్చే స్పేస్ క్యాడెట్ అనే పిన్‌బాల్ ఆట. గంటకి ఇరవై రూపాయలిచ్చి కూర్చుని, రిజల్ట్స్ చూడటం మానేసి అదే ఆడేవాణ్ణి. కీబోర్డు మీద జెడ్ కొడితే ఎడమ రెక్క, స్లాష్ కొడితే కుడి రెక్క. ఈ రెండు కీలూ నా వేళ్ళలో ఎంతగా ఇంకిపోయాయంటే, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నన్ను మోసం చేశాయి. ఆ సంగతి తర్వాత.

వర్చువల్ పిన్‌బాల్ క్యాబినెట్ అంటే, అసలు మిషన్ ఆకారంలోనే పెట్టె కట్టి, లోపల గుండు తిరగాల్సిన పలక బదులు టీవీ పడుకోబెట్టడం. నిలువు పెట్టెలో బొమ్మా స్కోరూ చూపించడానికి ఇంకో మానిటర్. కడుపులో ఒక కంప్యూటరు. పక్కల్లో నిజమైన బటన్లు. గుండు ఒక్కటే అబద్ధం. మిగతాదంతా ఎంత నిజం చేయగలిగితే అంత నిజం చేయడమే ఇందులో ఉన్న పని.

మొదట టీవీ కొన్నాను. సెకండ్ హ్యాండ్ అంగట్లో 43 అంగుళాల టీవీలు మూడున్నాయి. మూడింటినీ నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆన్ చేసి, పొట్టివైపు నిలబడి చూస్తానన్నాను. అంగడి పిల్లోడు నన్నొక రకంగా చూశాడు. కానీ మనం ఆడేటప్పుడు టీవీని చూసేది ఆ పొట్టివైపు నుంచే, అదీ ఏటవాలుగా. ఎదురుగా చూస్తే మూడూ ఒకటే. పక్కనుంచి చూస్తే రెండింటిలో దూరంగా ఉన్న సగం పాలిపోయి, సున్నం కొట్టినట్టు అయింది. ఒక్క ఐపీఎస్ ప్యానెల్ టీవీ మాత్రం రంగు పోకుండా నిలబడింది. 9,500కి బేరమైంది. రిమోట్ లేదన్నారు. రిమోట్ నాకెందుకు, కంప్యూటర్‌కి కదా పెట్టేది అనుకున్నాను. ఇక్కడ చేసిన ఉదారత్వానికి తర్వాత రెండు వారాలు ఏడ్చాను.

పెట్టె పని పాతూరులో ఒక ఆచారికి ఇచ్చాను. 18 మి.మీ. ప్లైవుడ్, లోపలి వెడల్పు 56 సెం.మీ., పొడవు 130. కాగితం మీద గీసిన బొమ్మ చూసి ఆయన, "ఏంటికి సార్ ఇది? దేవుని గూడా?" అన్నాడు. ఆటపెట్టె అని చెప్తే ఇంకేం అడగలేదు. సార్లకి డబ్బులు ఎక్కువయ్యాయని అనుకునే ఉంటాడు. పని మాత్రం బంగారంలాగా చేశాడు. మూలలు నూలు వేసి చూసుకోవచ్చు. తప్పు నాదే. టీవీ తెరని కొలిచి ఇచ్చాను, తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేముని కొలవలేదు. ఇంటికి తెచ్చి దింపబోతే ఒక్క సెంటీమీటరు దగ్గర ఆగిపోయింది. ఆచారి ఉలి తీసి లోపల చెక్కుతానన్నాడు. నేను ధైర్యం చేసి టీవీ ఫ్రేమునే విప్పాను. విప్పాక 55.4 సెం.మీ. వచ్చింది. తెర అంచుని వేలితో నొక్కకుండా, పసిపిల్లని తొట్లో వేసినట్టు ఇద్దరం పట్టుకుని దింపాం. ఎవరైనా ఈ పని చేసేటట్టయితే ముందు టీవీ కొనండి, ఫ్రేము విప్పండి, ఆ తర్వాతే ఆచారి దగ్గరికి వెళ్ళండి.

కంప్యూటర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆఫీసులో వాడి తీసేసిన ఐ5 మిషన్, అందులో వాడిన జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. సాఫ్ట్‌వేర్ విజువల్ పిన్‌బాల్. 2000 నుంచీ ఉంది, ఉచితం. అభిరుచి ఉన్నవాళ్ళు నెలల తరబడి కూర్చుని ఒక్కో టేబుల్, అంటే తెర మీద ఆడే ఒక్కో మిషన్, తయారు చేసి ఊరికే ఇస్తారు. పాత మిషన్ల చిప్పుల్లోని ప్రోగ్రాముల్ని నడిపేందుకు వీపిన్‌మేమ్ అని ఇంకోటి ఉంటుంది. ఆ చిప్పుల ప్రోగ్రాములు మాత్రం కంపెనీల సొత్తు. అందుకని నేను ఎక్కువగా ఆడేవి అభిమానులు సొంతంగా ఊహించి కట్టిన టేబుల్సే. ఒక్క జాగ్రత్త చెప్తాను. విజువల్ పిన్‌బాల్ 64 బిట్‌ది వేసుకుంటే వీపిన్‌మేమ్ కూడా 64 బిట్‌దే ఉండాలి. ఇది తెలియక ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

పెట్టె పూర్తికాక ముందే ఆగలేక కీబోర్డు పెట్టి ఆడాను. గుండు కిందికి వస్తోంది, జెడ్ కొట్టాను. రెక్క కదల్లేదు. టేబులంతా ఒక్క కుదుపు కుదిపింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ కుదుపు, 'టిల్ట్' అని ఆట ఆగిపోయింది. విజువల్ పిన్‌బాల్‌లో జెడ్, స్లాష్ కీలు మిషన్‌ని తోసేందుకు. రెక్కలకి రెండు షిఫ్ట్ కీలు. ఇంటర్నెట్ సెంటర్లో నేర్చుకున్న విద్య ఇక్కడ దొంగాట కింద లెక్క.

సరే, బటన్లు పెడితే ఆ గొడవ ఉండదు కదా. లియోనార్డో అనే చిన్న ఆర్డుయినో బోర్డు తెచ్చాను. అది కంప్యూటర్‌కి కీబోర్డులాగా కనిపించగలదు. ఒక్కో బటన్ నుంచి రెండు వైర్లు, ఒకటి బోర్డు పిన్నుకి, ఒకటి గ్రౌండ్‌కి. అంతే. ఎడమ బటన్ నొక్కితే ఎడమ షిఫ్ట్. గబగబా అయిదుసార్లు నొక్కగానే తెర మీద, 'స్టికీ కీస్ ఆన్ చేయాలా' అని విండోస్ అడిగింది. షిఫ్ట్‌ని వరుసగా అయిదుసార్లు కొడితే అది అడుగుతుంది మరి. పిన్‌బాల్‌లో షిఫ్ట్ కొట్టకుండా ఉండేది ఎప్పుడు? సెట్టింగ్స్‌లో అది ఆపేశాను. తర్వాత కుడి బటన్‌ని ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే 'ఫిల్టర్ కీస్' అంటూ ఇంకొకటి లేచింది. దాన్నీ ఆపాను.

ఇప్పుడు అసలు ఏడుపుకి వస్తాను. అన్నీ బిగించాక, ఇంట్లో అందర్నీ పిలిచి, మా అమ్మాయిని ముందు నిలబెట్టాను. తొమ్మిదో తరగతి. అయిదు నిమిషాలు ఆడి, "నాన్నా, ఇది నా మాట వినడం లేదు" అంది. నేను ఆడి చూశాను. నిజమే. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, లైట్లు మెరుస్తున్నాయి, గుండు మీద నీడ కూడా పడుతోంది. కానీ బటన్ నొక్కినదానికీ రెక్క లేచినదానికీ మధ్య ఏదో బంక. ఎంత అని చెప్పలేం, ఉంది అని మాత్రం చేతికి తెలుస్తోంది. నలభై వేలు ఖర్చయ్యాక తెలియాల్సిన సంగతి కాదు అది.

ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంది. బటన్ మీద వేలూ, తెర మీద రెక్కా రెండూ కనపడేలా మా అమ్మాయి వీడియో తీసింది. ఒక్కో ఫ్రేము అంటే 4.2 మిల్లీసెకన్లు. వేలు పూర్తిగా దిగిన ఫ్రేము నుంచి రెక్క కదిలిన ఫ్రేము దాకా లెక్కపెడితే 31. అంటే దాదాపు 130 మిల్లీసెకన్లు. లెక్కల మాస్టర్ని కాబట్టి అక్కడితో ఆగలేదు. సెకనుకి 2 మీటర్లు పోయే గుండు ఆ సమయంలో 26 సెం.మీ. పోతుంది. జానెడు పైన! రెక్క లేచేసరికి గుండు జానెడు దూరం వెళ్ళిపోయి ఉంటే ఎవరి మాట ఎవరు వింటారు?

కంప్యూటర్ని తిట్టుకుంటూ వారం గడిపాను. గ్రాఫిక్స్ తగ్గించాను, బొమ్మని తెర వేగానికి కట్టేసే వీసింక్ తీశాను, రెండు మూడు ఫ్రేములు తప్ప తేడా లేదు. అప్పుడు అదే కంప్యూటర్‌కి పాత మానిటర్ ఒక్కటే పెట్టి వీడియో తీశాం. 11 ఫ్రేములే. దొంగ టీవీనే. టీవీలు బొమ్మని అందంగా చూపించాలని లోపల చాలా వంట చేస్తాయి. సినిమాకి ఆ ఆలస్యం తెలియదు, ఆటకి ప్రాణం పోతుంది. గేమ్ మోడ్ పెడితే ఆ వంట మానేస్తుంది. ఆ టీవీలో గేమ్ మోడ్ ఉంది కూడా. కానీ ఆ మెనూలోకి పోవాలంటే రిమోట్ కావాలి. యూనివర్సల్ రిమోట్లతో చానెల్ మారుతుంది, సౌండు మారుతుంది, ఆ మెనూ మాత్రం తెరుచుకోదు. చివరికి టవర్ క్లాక్ దగ్గర ఫుట్‌పాత్ మీద రిమోట్లు రాశి పోసుకుని కూర్చునే ఒకాయన దగ్గర, ఆ కుప్పలోంచి అసలు రిమోట్ దొరికింది. 250 రూపాయలు. గేమ్ మోడ్ పెట్టాక మళ్ళీ లెక్కపెట్టాం. 13.

"ఇప్పుడు వింటోంది" అంది అమ్మాయి. కాసేపు ఆడి, "కానీ సీరియస్‌గా వినడం లేదు" అంది.

ఏం తక్కువైందో నాకు అర్థమయింది. అసలు మిషన్లో రెక్క కింద కాయిల్ ఉంటుంది. బటన్ నొక్కితే అది ఇనుప కడ్డీని లాగి కొడుతుంది. ఆ దెబ్బ చెక్కలోంచి అరచేతిలోకి వస్తుంది. మా పెట్టెలో స్పీకర్‌లోంచి 'టిక్' అని బొమ్మ శబ్దం వస్తోంది, అంతే. ఈ పని చేసేవాళ్ళు రకరకాల సామాన్లు పెడతారు. నేను ఏం పెట్టాలా అని ఆలోచిస్తుంటే మా నాయన, "స్టార్టర్ డబ్బాలో కాంటాక్టర్ ఉంటాది కదరా. దానంత గట్టిగా కొట్టేది ఏముంది?" అన్నాడు.

నాయనకి ఊళ్ళో రేడియో, టీవీ రిపేరు అంగడి ఉండేది. మూడెకరాల చేను, బోరు కూడా. రాత్రి త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు ఆడాలి కాబట్టి ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు. నిద్రలో ఉండగా చేను వైపు నుంచి 'ఠక్' అని వినిపించేది. కరెంటు రాగానే మోటరుకి కలిపే స్విచ్చు, అదే కాంటాక్టర్, కొట్టుకున్న చప్పుడు. కరెంటు వచ్చిందన్నమాట. బోరు మీద బతికిన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆ శబ్దం వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడి మోటార్ వైండింగ్ అంగళ్ళలో దొరికేవన్నీ 240, 415 వోల్టుల కాయిళ్ళు. ఆడపిల్ల చేతులు పెట్టే పెట్టెలో ఆ వోల్టేజీ పెట్టను. 24 వోల్టుల డీసీ కాయిల్ ఉన్నవి కావాలి. శనివారం రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోయాను. రెండు కాంటాక్టర్లు, 24 వోల్టుల సప్లై, బోర్డు చెప్పినప్పుడు కాయిల్‌కి కరెంటు వదిలే మాస్‌ఫెట్లు, వైరు చుట్టలు. అక్కడికి పోతే కొనాల్సినవాటికంటే కొనకూడనివి ఎక్కువ కొంటాం. మాస్‌ఫెట్ దగ్గర ఒక మాట. ఐఆర్ఎల్‌జడ్44ఎన్ అడగండి. అందులో 'ఎల్' లేనిది ఇస్తే బోర్డు ఇచ్చే 5 వోల్టులకి అది పూర్తిగా తెరుచుకోదు.

ఆదివారం రాత్రి కూర్చుని కలిపేశాను. బటన్ నొక్కితే బోర్డు రెండు పనులు చేస్తుంది. కంప్యూటర్‌కి షిఫ్ట్ పంపుతుంది, మాస్‌ఫెట్ ద్వారా కాంటాక్టర్‌ని లాగుతుంది. నొక్కాను. ఠక్! ఒళ్ళు జలదరించింది. వదిలాను. బోర్డు మీద లైటు ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

నాయన వచ్చి కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. "కాయిల్‌కి డయోడ్ ఏసినావా?"

వేయలేదు. కాయిల్‌లో కరెంటు ఆపగానే అది ఊరుకోదు, పాములాగా వెనక్కి తిరిగి కాటేస్తుంది. ఆ వోల్టేజీ వెళ్ళిపోవడానికి కాయిల్‌కి అడ్డంగా తిరగేసి ఒక డయోడ్ వేయాలి. 1ఎన్4007, ఒక్క రూపాయి. ఆ రూపాయి మర్చిపోయినందుకు 700 బోర్డు పోయింది. "లెక్కల మాస్టర్లకి లెక్కలే వస్తాయి" అన్నాడు నాయన, ఎవర్నీ చూడకుండా. రెండో బోర్డుకి సోల్డరింగ్ ఆయనే చేశాడు. డెబ్బై నాలుగేళ్ళ చెయ్యి, అయినా జాయింట్లు నావాటికంటే మెరుస్తున్నాయి. మాస్‌ఫెట్ గేటు నుంచి గ్రౌండ్‌కి 10కె రెసిస్టరు కూడా వేయించాడు, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు కాంటాక్టర్లు వాటంతటవే కొట్టుకోకుండా.

కాంటాక్టర్లని బటన్ల దగ్గరే, లోపల పక్క చెక్కకి బిగించాం. ఇక్కడొక విచిత్రం చూశాను. తెర మీద రెక్క ఇంకా 13 ఫ్రేములు ఆలస్యంగానే లేస్తోంది, ఆ సంఖ్య మారలేదు. కానీ దెబ్బ వెంటనే చేతికి తగులుతోంది కాబట్టి, ఆలస్యం ఉందన్న అనుమానమే రావడం లేదు. కన్ను చేతి మాట నమ్మేస్తోంది. అంతకుముందు నెల గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టిన 7,500 గుర్తొచ్చి కడుపు మండింది. ఆ కార్డులో సగం ధర కూడా కాని రెండు కాంటాక్టర్లు చేసిన పనిలో పదో వంతు కూడా అది చేయలేదు.

దెబ్బ బాగుంది కానీ ఇప్పుడు పెట్టే కదులుతోంది. నిజం మిషన్లు 110 కిలోల చుట్టూ తూగుతాయి. మాది యాభై కూడా ఉండదు. గట్టిగా ఆడితే టైల్స్ మీద జారుకుంటూ సోఫా దగ్గరికి పోతోంది. మిషన్‌ని నెట్టడం పిన్‌బాల్‌లో సగం విద్య. నెట్టాలి, కానీ అది మొండికేయాలి. వంటగది గట్టు మార్చినప్పుడు మిగిలిన కడప బండ మేడ మీద పడి ఉంది. 55 బై 60 ముక్క కోయించి పెట్టె అడుగున పరిచాం. 22 కిలోలు. మా ఆవిడ, "నిజంగా బండి అయిపోయింది" అంది. కానీ దానితో కాళ్ళు నేలకి పట్టుకున్నాయి. నెట్టుడు కొలిచే చిన్న సెన్సార్‌ని కూడా ఆ బండకి దగ్గర్లోనే బిగించాను. అరచేత్తో పక్కనుంచి ఒక్కటిస్తే తెర మీద గుండు ఆ మేరకు పక్కకి జరుగుతుంది. మొదట్లో కాంటాక్టర్ దెబ్బకే సెన్సార్ అదిరి టిల్ట్ అయిపోయేది. చిన్న కదలికల్ని లెక్కచేయకుండా సెట్ చేసుకోవడానికి వారం పట్టింది.

గుండు ఎగదోసే ప్లంజర్ దిగుమతి సరుకు కొనలేక, గుత్తి రోడ్డులో లేత్ అంగట్లో కడ్డీ కోయించి స్ప్రింగు వేశాను. ఎంత లాగామో తెలియడానికి నాయన పాత సౌండు మిక్సర్లోంచి జరిపే వాల్యూమ్ కంట్రోల్ ఒకటి తీసిచ్చాడు. సగం లాగితే ఏమీ లేదు, ఇంకాస్త లాగితే గుండు రాకెట్‌లాగా పోతోంది. చూస్తే అది సౌండు కోసం చేసిన లాగ్ రకం, జరిపినంతకి సమానంగా పెరగదు. 'బి' అని రాసి ఉన్న లీనియర్‌ది వేస్తే సర్దుకుంది. నాయన తప్పు దొరికిందని నేను పైకి అనలేదు.

పైన వేసిన అద్దం మూడు రోజులే ఉంది. అందులో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ గుండు ఏదో ఫ్యాన్ నీడ ఏదో తెలియడం లేదు. ఈ ఊళ్ళో ఫ్యాన్ ఆపి ఆడటం జరిగే పని కాదు, అద్దమే తీసేశాను. వెనక రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పెట్టినా మే నెలలో మధ్యాహ్నం పూట ఆట నిషేధం. పెట్టెకి కాదు, ఆడేవాళ్ళకి.

అలంకరణ విషయంలో మా అమ్మాయి పట్టుబట్టింది. పాత మిషన్లలో నిలువు పెట్టెకి అద్దం వెనక రంగులు వేసి, వాటి వెనక బల్బులు పెట్టేవాళ్ళని చెప్పాను. "అంటే తోలుబొమ్మలాటే కదా నాన్నా" అంది. నాకు ఇన్నేళ్ళుగా తట్టలేదు! ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకి బస్సులో వెళ్ళాం. మేక తోలుని దీపం వెలుగు దాటేంత పల్చగా గీకి, రంగులేసి, ఉలితో చిల్లులు కొట్టే ఊరు. దీపాల షేడ్లు ఎక్కువ చేస్తున్నారిప్పుడు. పెట్టె నెత్తిన పెట్టేందుకు అడుగున్నర హనుమంతుణ్ణి తెచ్చుకున్నాం, వెనక ఎల్ఈడీ పట్టీ. ఏ మిషన్ బొమ్మ తెర మీద ఉన్నా పైన హనుమంతుడే. నచ్చినవాళ్ళకి నచ్చింది.

అన్నీ కలిపి 46,500 అయింది. ఇంట్లో చెప్పిన లెక్క 30. ఈ వ్యాసం మా ఆవిడ చదివితే ఆ మిగతా పదహారున్నర సంగతి అప్పుడు చూద్దాం.

పెట్టె హాల్లో, నాయన మంచానికి పది అడుగుల దూరంలో ఉంది. కాంటాక్టర్లని నేరుగా బోర్డుకే కలిపాను కాబట్టి ఆట మొదలుకాకపోయినా బటన్ నొక్కితే చాలు, కొడతాయి. మొన్న రాత్రి పదకొండు దాటాక స్పీకర్ సౌండు పూర్తిగా తగ్గించి, చప్పుడు కాకుండా ఆడుకుందామని నిలబడ్డాను. ఎడమ బటన్ మీద వేలు పడింది. ఠక్.

నాయన కదిలాడు. కళ్ళు తెరవలేదు. "కరెంటొచ్చినట్టుంది" అన్నాడు. "మోటరు ఆడతాందేమో చూసిరా పో."

ఆ బోరు ఎండిపోయి పదకొండేళ్ళయింది. "ఆడతాంది నాయనా" అన్నాను.